వానలు మొదలయ్యాయి, ఇంట్లోనే ఉన్నాను

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ ఏడు ఉగాండాలో తమ్ముడు శ్రీపతి దగ్గరికి వెళ్తాను. జూన్‌లో.

పోయిన ఏడు కూడా ఇదే రాశానేమో. పాత పుస్తకం తీసి చూడలేదు.

ఫిబ్రవరి 11

ముప్పై తొమ్మిది డిగ్రీలు, పెర్తులో ఇంకా ఎండాకాలమే. నేను పనిచేసే వృద్ధాశ్రమం వంటగదిలో ఇంకా ఎక్కువ. పొద్దుటి ఓట్స్ జావ ఎవరూ ముట్టలేదు. చల్లటి పెరుగు, పీచ్ ముక్కలు పంపాం.

ఇంటికొచ్చి స్నానం చేసి దీపం పెట్టాను. సహస్రనామం అయ్యేసరికి సముద్రం గాలి తిరిగింది. కిటికీలు తీశాను. నాలుగు పడకగదుల ఇల్లు. ఆయన పోయాక మూడు గదుల తలుపులు వేసే ఉంటున్నాయి. గాలి కోసం ఇవాళ అన్నీ తీశాను. మళ్ళీ వేశాను.

ఫిబ్రవరి 15, శనివారం

సుబ్బు ఇంట్లో భోజనం. మా చిన్న తమ్ముడిల్లు రెండు వీధుల అవతలే, పెర్తు శివార్లో ఈ పియారా వాటర్స్‌లోనే. వాడి కూతురు శ్రావ్య యూనివర్సిటీలో రెండో ఏడు. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఉగాండాకి ఎప్పుడు వెళ్తే బాగుంటుందో చూసిపెట్టమన్నాను. ల్యాప్‌టాప్‌లో పన్నెండు గళ్ళు గీసి రంగులు వేసింది. గుర్తుకి ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

భూమధ్యరేఖ మీద ఉన్న దేశం. వేసవి, చలికాలం అని లేవు. ఏడాది పొడుగునా పగలు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో, రాత్రి పదిహేడో. తేడా అంతా వానల్లోనే. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఇంకోసారి. మిగతా నెలలు పొడి. వెళ్ళడానికి మంచిది జూన్, జులై, ఆగస్టు. లేదంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి. వాటికి ఆకుపచ్చ వేసింది. వాన నెలలకి ఎరుపు. ఏప్రిల్‌కి మరీ ముదురు ఎరుపు.

"జూన్‌లో అయితే మీకు ఇక్కడి చలి కూడా తప్పుతుంది వదినా" అంది నీరజ, సుబ్బు భార్య.

సుబ్బు మజ్జిగ కలుపుకుంటూ కూచున్నాడు.

ఫిబ్రవరి 20

ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదంటే.

2018 జూన్‌లో వస్తానన్నాను. బోరు బండితో ఊళ్ళు తిరుగుతుంటాను అక్కా, ఇంటి పట్టున ఉండను అన్నాడు. ఆ మరుసటి ఏడు డిసెంబరన్నాను. అదే జవాబు. తరవాత రెండేళ్ళు ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. తరవాత ఆయన జబ్బు. పోయిన ఏడు జూన్ అన్నాను. మళ్ళీ అదే. మంచి కాలం చూసుకుని నేను అడగడం, పని మీద ఉంటానని వాడు అనడం.

నేను వెళ్ళడం వాడికి ఇష్టం లేదేమో. ఇష్టం లేకపోతే తప్పు కూడా కాదు.

నాన్న పోయినప్పుడు వాడు వచ్చేదాకా ఆగలేదు. రెండు రోజులు ఆగమన్నాడు ఫోన్లో. ఆగలేమన్నాను. అప్పుడు నేను తణుకులో నాన్న దగ్గరే ఉన్నాను, మాట నాదే చెల్లింది. పెద్ద కొడుకు దారిలో ఉండగా చిన్నవాడు సుబ్బు తలకొరివి పెట్టాడు. శ్రీపతి మూడో రోజు వచ్చాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక వెళ్ళిపోయాడు. మళ్ళీ చూడలేదు. ఈ మే నెలకి పదకొండేళ్ళు.

ఆ ఏడు ఎండలు అలాంటివి. నలభై నాలుగు.

మార్చి 1

ప్రయాణం జూన్ పద్నాలుగు అనుకున్నాను. టిక్కెట్టు ఇంకా తీసుకోలేదు.

మార్చి 8, శనివారం

శ్రీపతి మెసేజీ. "వానలు మొదలయ్యాయి. ఇంట్లోనే ఉన్నాను."

ప్రతి ఏడూ రాస్తాడు. జాగ్రత్త, తడవకు అని రాశాను.

మార్చి 12

ఆశ్రమంలో మధ్యాహ్నం ట్రేలకి వచ్చే జోస్లిన్‌ది ఉగాండా. మసాకా అని ఊరు. మా తమ్ముడు జింజాలో ఉంటాడు, బోర్లు వేయిస్తాడు, జూన్‌లో వెళ్తున్నాను అని ఇవాళ చెప్పాను. రెండేళ్ళుగా చూస్తున్నాను ఆవిణ్ణి, ఎప్పుడూ చెప్పలేదు. చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. ఎందుకన్నాను.

జూన్‌లో బోరు బండి వాళ్ళు ఇళ్ళలో ఎందుకుంటారంది. వాళ్ళ మేనమామ అలాంటి బండికే డ్రైవరట. నేల గట్టిపడిన నెలల్లోనే వాళ్ళ పని. వాన పడితే ఎర్రమట్టి దారుల్లో అంత బరువు బండి సగం చక్రం దాకా దిగిపోతుంది. అందుకని వానలు మొదలవగానే బళ్ళన్నీ దొడ్లోకి తెచ్చి పెట్టేస్తారు. మగవాళ్ళు ఇంట్లో ఉంటారు. మరమ్మతులు, పేకాట, నిద్ర. వాళ్ళ మేనమామ పిల్లలందరూ డిసెంబరులోనే పుట్టారట, అదీ చెప్పి మళ్ళీ నవ్వింది.

ఆ తరవాత అంది. "నీకు మా దేశం చూడాలని ఉంటే జూన్‌లో వెళ్ళు. మీ తమ్ముణ్ణి చూడాలని ఉంటే ఇప్పుడు వెళ్ళు."

కస్టర్డ్ గిన్నెల్లో పొయ్యాలని లోపలికి వచ్చేశాను.

మార్చి 13

ఇంట్లోనే ఉన్నాను అని రాశాడు.

మార్చి 22, శనివారం

భోజనాల దగ్గర సుబ్బు చెప్పాడు. శ్రీపతి జూన్ ఒకటిన దక్షిణ సూడాన్ వెళ్ళిపోతున్నాడట. అక్కడ శిబిరాలకి నీళ్ళ బోర్లు, మూడేళ్ళ పని. బళ్ళు రెండూ తీసుకుని పోతున్నాడు. జింజా ఇల్లు ఖాళీ చేసేస్తున్నాడు. అక్కడ కంచె లోపల ఉండాలి, చుట్టాలని రానివ్వరు.

"నీకెప్పుడు చెప్పాడు?" అన్నాను.

"పోయిన వారం."

"నాకు చెప్పలేదు."

"నిన్ను కంగారు పెట్టడం ఎందుకని కాబోలు."

నాకు యాభై ఏడు. వాడికి యాభై మూడు. ఉండేవాళ్ళం ఉంటాం. మూడేళ్ళు పెద్ద కాలమేమీ కాదు. అని అక్కడే కూచుని అనుకున్నాను.

శ్రావ్య నా ఫోను అడిగింది. శ్రీపతి మెసేజీలు పైకి జరుపుకుంటూ పోయింది. చాలాసేపు జరిపింది.

"అత్తా, సేమ్ మెసేజ్. మార్చ్, అక్టోబర్. మార్చ్, అక్టోబర్. ఎవ్రీ సింగిల్ ఇయర్."

"వానల కబురు చెప్తాడమ్మా."

"నో అత్తా. పెదనాన్న వెదర్ చెప్పట్లేదు. హీ ఈజ్ ఆస్కింగ్ యూ టు కమ్."

"నువ్వూరుకో" అన్నాడు సుబ్బు. గట్టిగా అన్నాడు. వాడు దాని మీద ఎప్పుడూ గొంతు లేపడు. నీరజ కంచాలు తీసింది.

ఇంటికి వచ్చి నేనూ చూశాను. ఈ ఫోను కొన్నది 2017లో. ఇందులో పదిహేడున్నాయి. పాత ఫోనులోవి ఎన్నో. కింద నా జవాబులు. జాగ్రత్త. తడవకు. మిరియాల కషాయం తాగు. మాకూ చలి మొదలైంది. సరే. సరే.

మార్చి 23

రమ్మని నోరు తెరిచి అడగొచ్చు కదా. అడగలేదు. రానా అని వానల్లో నేనూ అడగలేదు.

మార్చి 26

సహస్రనామం మధ్యలో తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టాను. రెండుసార్లు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి చేసుకున్నాను. వేపపువ్వు పోయిన ఏటిది, ఎండుది. సుబ్బు వాళ్ళకి ఒక గిన్నె ఇచ్చి వచ్చాను.

పూజలో సంకల్పం చెప్పుకుంటూ వసంత ఋతౌ అన్నాను. బయట ఆకులు రాలుతున్నాయి. క్యానింగ్ వేల్ గుడిలో పంతులుగారు ఈ దేశంలో ఉన్నవాళ్ళు ఇక్కడి ఋతువే చెప్పాలంటారు. చైత్రమైనా సరే, శరదృతువనాలట. నేను మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్నదే చెప్తున్నాను. పందొమ్మిదేళ్ళుగా లేని వసంతాన్ని ఉందని దేవుడికి చెప్తున్నాను. ఆయన ఎప్పుడూ దిద్దలేదు.

ఇవాళ మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఏప్రిల్ 1

సెలవు అడిగాను, మూడు వారాలు. ఈస్టర్ అయ్యాక వెళ్ళమన్నారు. ఏప్రిల్ ఇరవై ఆరుకి టిక్కెట్టు తీసుకున్నాను. శ్రావ్య తన గళ్ళ కాగితం చూపించి, "యూ పిక్డ్ ద వరస్ట్ మంత్ అత్తా" అంది. నా భుజం మీద తల పెట్టింది.

శ్రీపతికి రాశాను. ఇరవై ఏడున వస్తున్నాను.

ఏప్రిల్ 2

జవాబు లేదు.

ఏప్రిల్ 3

జవాబు వచ్చింది. "వానలు ఉంటాయి."

తెలుసు అని రాశాను.

కాసేపటికి ఇంకోటి. "సరే. గొడుగు తెచ్చుకోకు. ఇక్కడ ఉన్నాయి."

ఏప్రిల్ 5

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను. అది లేకపోతే ఆ దేశంలోకి రానివ్వరు, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడా అడుగుతారు. మలేరియా మాత్రలు కూడా రాశారు. నర్సు కాగితం నింపుతూ విహారయాత్రా, పనా, బంధువులా అని అడిగింది. బంధువులన్నాను.

ఏప్రిల్‌లో అక్కడ వానలు కదా, జూన్ అయితే బాగుంటుంది కదా అంది.

ఇప్పుడైతేనే ఉంటాడన్నాను.

ఏప్రిల్ 8

పన్నెండో గదిలో కొత్తగా వచ్చిన పెద్దాయన పొద్దుట్నుంచీ ఎవరినో పిలుస్తున్నాడు. కొడుకో, అన్నదమ్ముడో. పక్కన కూతురు స్పూనుతో తినిపిస్తోంది. నోరు తెరుస్తాడు, మింగుతాడు, మళ్ళీ ఆ పేరే పిలుస్తాడు. ఆవిడ నన్ను చూసి నవ్వింది.

ట్రే పెట్టి వచ్చేశాను. రేపటి నుంచి ఆ వైపుకి ఇంకొకరిని పంపమని అడిగాను. నడుము నొప్పని చెప్పాను.

ఏప్రిల్ 10

టీకాకి కొద్దిగా జ్వరం. పడుకునే ఉన్నాను. ఎవరూ రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

ఆ ఏడు ఎండలు అలాంటివి. అప్పుడు కరెంటు కూడా ఉండేది కాదు.

ఏప్రిల్ 14

రాయాలి. రాయకుండా అక్కడికి వెళ్ళకూడదు.

నాన్న పోయిన రోజు పదకొండు గంటలకి శేషాచలం బాబాయి ఐసు పెట్టె తెచ్చాడు. ఈ మధ్య అందరూ పెట్టేదే, కరెంటుతో నడిచేది, పైన అద్దం ఉండేది. నేను అడగలేదు. శ్రీపతి వస్తున్నాడని విని ఆయనే భీమవరం వెళ్ళి, జనరేటరుతో సహా ట్రాక్టరు మీద వేయించుకుని వచ్చాడు. రెండు రోజులేం ఖర్మ, నాలుగు రోజులైనా ఉంచవచ్చమ్మా అన్నాడు.

వద్దు బాబాయ్, నాన్నని ఆ గాజుపెట్టెలో చూడలేను, ఈ ఎండల్లో ఇంక ఆపవద్దు అన్నాను. పెద్దదాన్ని. ఎదురు చెప్పేవాళ్ళు లేరు. పెట్టె గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది.

ఎండలన్నది అబద్ధం కాదు. ఎండలున్నాయి. పెట్టె కూడా ఉంది.

ఎందుకు పంపించేశానో నాకు తెలియదు.

ఏప్రిల్ 15

తెలియదని రాసింది చదువుకున్నాను.

ఏప్రిల్ 19, శనివారం

పెట్టె కొనుక్కోవడానికి సుబ్బు కారులో తీసుకెళ్ళాడు. ప్రయాణం పెట్టె. దారిలో చెప్పాను, నాన్నప్పటి ఐసు పెట్టె సంగతి శ్రీపతితో చెప్పేస్తానని.

కొంత దూరం పోనిచ్చి, రోడ్డు పక్కన ఆపాడు.

"ఇప్పుడెందుకక్కా? అన్నయ్య ఎండలనే అనుకుంటున్నాడు. అనుకోనీ."

"నీకు తెలుసా?"

"బాబాయితో కలిసి గుమ్మం దాకా మోసింది నేనేగా."

"మరి అప్పుడు నన్ను అడగలేదేం?"

"నువ్వు అక్కవి. నువ్వు చెప్తే మేం చెయ్యడమే గానీ, అడగడం ఎప్పుడుంది?"

అమ్మ పోయేనాటికి వాడికి పదకొండు. జడ వేసుకోవడం మానేసి ముడి వేసుకున్నాను ఆ ఏడు, పెద్దదానిలా ఉండాలని. వాళ్ళిద్దరికీ అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. అడగనివ్వలేదేమో నిజంగానే.

స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ అన్నాడు. "అన్నయ్య చోట నిలబడి కుండ పట్టుకుంది నేనక్కా. అన్నయ్య మొహం చూడలేకే నేనూ ఇన్నేళ్ళు వెళ్ళలేదు. నీకు ఎండలున్నాయి చెప్పుకోడానికి. నాకు అదీ లేదు."

తరవాత వెళ్ళి నీలం రంగుది కొన్నాం.

ఏప్రిల్ 25, శుక్రవారం

సర్దుకున్నాను. కందిపొడి, సున్నుండలు, కొబ్బరి లౌజు, వాడికి రెండు చొక్కాలు. కొలత తెలియదు. సుబ్బుది ఇచ్చి చూసుకోమన్నాను కొట్లో.

జోస్లిన్ తన రబ్బరు బూట్లు ఇచ్చింది. చెప్పులతో ఆ బురదలో దిగితే చెప్పులు బురదలోనే ఉంటాయి, నువ్వు ముందుకి పోతావంది.

రోజూ వచ్చి దీపం పెడతానని నీరజ తాళం తీసుకుంది. వేసి ఉన్న గదులు కూడా ఒకసారి తీసి గాలి తగలనిమ్మన్నాను.

ఏప్రిల్ 27

చేరాను.

తల పూర్తిగా నెరిసింది వాడికి. నాకూ నెరిసిందని వాడి చూపులో తెలిసింది. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. విమానాశ్రయంలో వద్దన్నాను. పెట్టాడు.

ఎంటెబ్బే నుంచి జింజాకి నాలుగు గంటలు. రోడ్డు పక్కంతా ఎర్రమట్టి, అరటి చెట్లు. మధ్యలో వాన. అద్దం మీద తుడిచేవి ఆగకుండా కొట్టుకున్నాయి. వాడు అడిగినవి మూడు. తిన్నావా. సుబ్బు బాగున్నాడా. బావగారు ఆఖర్లో బాధపడ్డారా.

ఏప్రిల్ 28

చిన్న ఇల్లు, పెద్ద దొడ్డి. దొడ్లో రెండు బోరు బళ్ళు, టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. పైన ఇనప రేకులు.

గుమ్మం పక్కన గొడుగులు నాలుగు. ఉన్నది వాడొక్కడు. పెళ్ళి మాట ఎత్తితే ఈ బళ్ళని చూపించి, ఇద్దరు పెళ్ళాలున్నారు, ఇంకొకరెందుకు అనేవాడు.

"నాలుగు ఎందుకురా?"

"ఎవరైనా వస్తే" అన్నాడు.

నాకిచ్చిన గదిలో తూర్పు గోడకి దేవుడి అర. చెక్క కొత్తది కాదు. మేకులు తుప్పు పట్టాయి. ఎప్పుడు కొట్టించావని అడగలేదు. దీపం పెట్టాను.

ఏప్రిల్ 30

ఇక్కడి వాన రోజంతా పడదు. పొద్దున్న ఎండ. పక్షులు. మన కార్తీకంలా ఉంటుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి సరస్సు వైపు నల్లబడుతుంది, గంటా గంటన్నర కురుస్తుంది. రేకుల మీద మోతకి పక్కనున్న మనిషి మాట వినపడదు. తరవాత మళ్ళీ ఎండ.

వాడు పొద్దున్న బళ్ళ దగ్గర ఉంటాడు, మధ్యాహ్నం ఇంట్లో. పప్పు బాగా చేస్తాడు. చారు నాన్న చేసినట్టు చేస్తాడు, బెల్లం ముక్క వేసి. ఎవరు నేర్పారన్నాను. తినీ తినీ అన్నాడు.

చెప్పలేదు ఇంకా. రేపు.

మే 1

రేపు.

మే 2, శుక్రవారం

మూడింటికి వాన పట్టుకుంది. ఎదురెదురుగా కూచున్నాం, వాడు పేక పంచుతున్నాడు. అప్పుడు చెప్పాను.

"శ్రీపతీ, నాన్న పోయిన రోజు బాబాయి ఐసు పెట్టె తెచ్చాడు. నువ్వు వచ్చేదాకా ఉంచచ్చు. నేనే వెనక్కి పంపించేశాను."

నా మాట నాకే వినపడలేదు. వాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. పైకి రేకులు చూపించి, ఆగాక చెప్పమని సైగ చేశాడు.

వినపడని వేళ అని తెలిసే ఎంచుకున్నానేమో. చెప్పాననిపించుకోవడానికి.

గంట కురిసింది. మూడు ఆటలు ఆడాం. మూడూ వాడే గెలిచాడు.

ఆగింది. చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు మిగిలింది.

"ఏదో అన్నావు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. అవే మాటలు.

పేక ముక్కలన్నీ దగ్గరికి చేర్చాడు. "పెట్టె సంగతి నాకు తెలుసక్కా. పదకొండో రోజునే బాబాయి చెప్పాడు."

"తెలిసీ ఏమీ అడగలేదా?"

"ఏమని అడగను? నాన్నే చెప్పి ఉంటాడనుకున్నాను. వాడు రాకుండా నన్ను తీసుకుపొండి అని. నీ నోటితో అది నాకు చెప్పలేక ఎండలన్నావనుకున్నాను. నన్ను కాపాడావనుకున్నాను."

కాలేజీలో ఉద్యోగం వదిలి వాడు ఈ బళ్ళ వెంట వచ్చాడని నాన్న రెండేళ్ళు వాడితో మాట్లాడలేదు. నిజమే. ఆ పట్టుదల మంచం పట్టేదాకానే. నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు.

పదకొండేళ్ళు వాడు ఈ రేకుల కింద ఆ మాట పెట్టుకుని కూచున్నాడు.

"నాన్న అలా అనలేదు" అన్నాను. "నిన్నే పిలిచాడు."

వాడు తల ఎత్తాడు.

ఇక ఆపలేదు. మూడు నెలలు, ఫిబ్రవరి నుంచి. పొద్దున్న మొహం తుడుస్తుంటే శ్రీపతి వచ్చాడా అనేవాడు. అన్నం పెడుతుంటే శ్రీపతి తిన్నాడా అనేవాడు. మంచం దగ్గర నేను. పక్క మార్చేది నేను. పెర్తులో ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి వచ్చి కూచున్నాను. నాన్న నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఒకరోజు నన్నే చూసి, ఎవరమ్మా నువ్వు, మా శ్రీపతికి కబురు చెయ్యి తల్లీ అన్నాడు.

"నువ్వు ఫోన్ చేశావు ఆ మార్చిలో. గుర్తుందా? వానలు మొదలయ్యాయక్కా, ఇంట్లోనే ఉన్నాను, నాన్న రమ్మంటే వస్తాను అన్నావు. రమ్మన్నాడా అని అడిగావు."

"ఏమీ అనలేదన్నావు."

"అబద్ధం చెప్పాను. అప్పుడు కూడా పక్క గదిలోంచి నిన్నే పిలుస్తున్నాడు. పెట్టె కూడా అందుకే పంపించాను. ఎండలకి కాదు."

ఆ మాటలే ఏడాదికి రెండుసార్లు రాశాడు వాడు. నేను తడవకు అని రాశాను. వాటి అర్థం శ్రావ్య చెప్పేదాకా నాకు తెలియనట్టే ఈ పుస్తకంలో కూడా రాసుకున్నాను.

వాడు పేక కట్ట బల్ల మీద పెట్టాడు. తరవాత, "నన్నా?" అన్నాడు. "నాన్న నన్ను పిలిచాడా?"

"నిన్నే."

లేచి దొడ్లోకి వెళ్ళాడు. రెండు బళ్ళ మధ్య నిలబడ్డాడు. బురదలో చెప్పులు లేకుండా. నేను గుమ్మంలో నిలబడ్డాను. పిలవడానికి నాకు నోరు రాలేదు.

మే 3

వాడు తెల్లారకుండానే ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఫోను బల్ల మీదే ఉంది.

దీపం పెట్టాను. ఏమీ అడగలేదు దేవుణ్ణి. క్షమించమని అడగాల్సింది ఆయన్ని కాదు.

వంట చేసి మూత పెట్టాను. మూడింటికి వాన. నాలుగున్నరకి తడిసి ముద్దై వచ్చాడు. తువ్వాలు ఇచ్చాను, తీసుకున్నాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తిరుగు ప్రయాణం ముందుకి జరపడానికి వీలవుతుందేమో శ్రావ్యని అడగాలి.

మే 4, ఆదివారం

అడగలేదు ఇంకా.

పొద్దున్న కాఫీ వాడే కలిపి తెచ్చాడు. నా ఎదురుగా కూచున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నిన్ను తిట్టాలనే వెళ్ళానక్కా నిన్న. నైలు ఒడ్డున కూచుని అన్నీ వరసగా అనుకున్నాను, వచ్చి నీ మొహం మీద అనాలని. చాలా ఉన్నాయి."

"అను."

"అంటాను. తరవాత అంటాను. ఉండు." గ్లాసు కింద పెట్టాడు. "ముందు ఇది చెప్పు. ఏమని పిలిచేవాడు? శ్రీపతీ అనా, చిన్నప్పటిలా సీపతీ అనా?"

"సీపతీ అని."

తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

మే 5

ఇవాళ వాన పడలేదు. రెండో బండికి గేరుపెట్టె విప్పాలని మెకానిక్కు వచ్చి పిలిచాడు. శ్రీపతి రేపు రమ్మని పంపించేశాడు.

మళ్ళీ అడిగాడు. ఫిబ్రవరిలో నాన్న ఏ వైపు తిరిగి పడుకునేవాడు, మార్చిలో లేచి కూచున్నాడా, తన పేరు మొదట అన్నది ఏ రోజు అని. నాకు గుర్తున్నంతా మొదటి నుంచీ చెప్పాను.